మొగులయ్య నింపిన మూడు సీసాలు

రవళి సీసాను నమ్మదు, సీసా మీద అంటించిన చీటీని అసలే నమ్మదు. పటాన్‌చెరులో నీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఆమె తొమ్మిదేళ్లుగా కెమిస్టు. ఎవరు నీళ్లు తెచ్చినా ముందు వాళ్ల ముఖం చూస్తుంది, తర్వాత చెప్పులు చూస్తుంది. చెరువులో దిగి నింపామని చెప్పే మనిషి చెప్పులకు కాస్తయినా మట్టి అంటకపోతే కౌంటరు దగ్గరే నిలబెట్టి పది ప్రశ్నలు వేస్తుంది. ఎప్పుడు నింపారు, ఎవరు నింపారు, నింపుతుంటే మీరు పక్కనే ఉన్నారా? మేనేజరు విసుక్కుంటాడు. "మనకిచ్చిన నీళ్లకు మనం రిపోర్టిస్తాం, అంతే కదా మేడం" అంటాడు. రవళి వినదు. ఆ అనుమానం ఆమెకు చదువుతో వచ్చింది కాదు. తొమ్మిదేళ్ల వయసులో, లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషిని చూసి నేర్చుకుంది.

ఆ మనిషి మొగులయ్య, ఆమె మేనమామ. తల్లి ముత్యమ్మకు అన్న. జిన్నారం దగ్గర బొమ్మనకుంట అనే చిన్న ఊరికి నీరటి. అంటే చెరువు తూము ఎత్తేదీ దించేదీ అతనే; ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అతను చెప్పిందే చెల్లేది. నాట్ల రోజుల్లో పెద్ద రైతులు కూడా అతని ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అతనికీ చెరువు కింద అర ఎకరం ఉండేది. దానికి నీళ్లు అందేది అందరి మళ్లూ తడిశాకే. ఒక ఏడు ఆ అర ఎకరం పొట్టమీదికొచ్చి నిలువునా ఎండిపోయింది. "తూము నీ చేతులనే ఉండె, మన మడే ఎండె. గిదేం పని?" అని భార్య బీరమ్మ ఊరంతా వినేలా తిట్టిపోసింది. మొగులయ్య నవ్వాడు. "నీరటోని మడి ముందుగాల తడిస్తే ఇగ ఊరోళ్లు నన్నెందుకు నమ్ముతరే?" అన్నాడు. బీరమ్మ ఆ పూట అన్నం వండలేదు.

చిన్నప్పుడు రవళికి అమ్మమ్మ ఊరంటే మామ భుజాలే. కట్ట పొడుగునా వాటి మీదెక్కి తిరిగేది. ఇద్దరికీ ఒక ఆట ఉండేది. నాలుగు చోట్ల నుంచి నాలుగు గ్లాసుల నీళ్లు తెచ్చి, మామ కళ్లకు అత్త తువ్వాల కట్టేది. అతను ఒక్కో గ్లాసూ ఎత్తి, గుక్కెడు నాలుక మీద తిప్పి, చెప్పేసేవాడు. "గిది బడి బోరింగు, ఇనుము వాసనొస్తున్నది. గిది గుట్టకింది బాయి, పండ్లు జివ్వుమంటున్నయ్." ఒకసారి రవళి మోసం చేద్దామని రెండు చోట్ల నీళ్లు ఒకే గ్లాసులో కలిపి ఇచ్చింది. మామ నొసలు ముడిచాడు, మూడుసార్లు గుటక వేశాడు, చివరికి తొడ చరిచాడు. "రెండు బాయిలకు పెండ్లి జేసినవ్ గదనే కోడలు పిల్లా!" రవళికి నవ్వి నవ్వి ఎక్కిళ్లొచ్చాయి.

నీళ్లను అంత బాగా ఎరిగిన మనిషి కనకే, తర్వాత జరిగింది పొరపాటని సర్దిచెప్పుకునే వీలు ఆమెకు లేకుండా పోయింది.

రవళి కూతురు ఇంద్రజకు పదకొండో నెల నడుస్తోంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి. రవళికి తోడబుట్టినవాళ్లు లేరు కనుక ఆ చోటు మొగులయ్యదే, అందులో ఎవరికీ రెండో మాట లేదు. ఈ నెల దాటితే మళ్లీ మూడో ఏడు దాకా ఆగాలి. కాజీపల్లిలో ఓ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేసే భర్త బాలరాజ్ వచ్చే ఆదివారానికి ఝరాసంగం గుడిలో అన్నీ మాట్లాడి పెట్టాడు. చుట్టాలకు ఫోన్లు వెళ్లాయి. అంతా సాఫీగా జరిగిపోయేదే, సోమవారం పొద్దున రాధమ్మ ల్యాబుకు రాకపోయుంటే.

రాధమ్మ బొమ్మనకుంట మనిషి. డెబ్బై దాటాయి. రెండు బస్సులు మారి, పాత కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు నింపి, కొంగులో మూటగట్టుకుని వచ్చింది. రవళి చూడగానే గుర్తుపట్టింది. అయినా అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఎవరు నింపిండ్రు అవ్వా?"

"నేనే నింపిన. మీ మామను పిలువలే." రాధమ్మ సీసాను కౌంటరు మీద పెట్టింది. "గప్పుడు నింపినట్టు నింపుతడని భయమైంది."

పక్కన నిలబడ్డ ఇద్దరు తలలు తిప్పి చూశారు. రవళి చెవులు వేడెక్కాయి. "ఏం ముచ్చటో నాకు తెల్వదు" అంది. అది అబద్ధం.

"తెల్వకుంటే తెల్సుకో. ఝరాసంగం పోతున్నరట గద? పొల్లను ఆయన ఒళ్లె కూసోబెడ్తరట?"

"మేనమామ గదా అవ్వా. ఆయన కాకుంటే ఎవరు కూసుంటరు?"

"గా చేతులు నింపిన సీసాలతోనే మా ఊరు ఇంకో ఆరేండ్లు గా నీళ్లు తాగింది. మా ఆయన తాగిండు." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నీ బిడ్డ, నీ ఇష్టం. కాయితం ఎప్పుడిస్తవో చెప్పు."

రాధమ్మ భర్త కిడ్నీలు చెడి చనిపోయాడని రవళికి తెలుసు. నీళ్ల వల్లేనని ఏ కెమిస్టూ కాగితం మీద రాయలేదు. నీళ్ల వల్ల కాదనీ రాయలేదు. రవళి చీటీ రాసిచ్చి, శనివారం తనే రిపోర్టు తెచ్చిస్తానని చెప్పి పంపింది. ఆ రోజు ఆమె చేతికి ఏ పనీ సరిగ్గా రాలేదు.

ఇరవై నాలుగేళ్ల కిందటి ఆ రోజు ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అప్పటికి ఏడాదిగా తల్లీ తనూ బొమ్మనకుంటలోనే ఉన్నారు. అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు, కొన్నాళ్లు ఇక్కడే అని చెప్పారు. ఇస్నాపూర్‌లో తండ్రి ఇల్లు మరిచి, ఊరి బళ్లో నాలుగో తరగతిలో చేరి, మామ భుజాల మీద ఊరేగుతూ రవళి హాయిగా ఉంది. ఊరు మాత్రం హాయిగా లేదు. చుట్టూ లేచిన ఫ్యాక్టరీల పుణ్యమా అని చెరువు రంగు మారింది. బర్రెలు నీళ్ల దగ్గరికి పోయి వాసన చూసి వెనక్కి వచ్చేవి. రాధమ్మ బోరు నురుగు కక్కేది. ఆ నీళ్లతో వండితే అన్నం పసుపెక్కేది. చెరువు కింద సాగు పోయింది, మొగులయ్య తూముకు తుప్పు పట్టింది. ఊరివాళ్లు అర్జీ మీద అర్జీ పెడితే చివరికి ఒక జీపు వచ్చింది. నీళ్లు చెడ్డవని తేలితే ట్యాంకర్లు పంపిస్తామని అన్నారు.

జీపులో వచ్చినవాళ్లు బడి అరుగు మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. టీలు వచ్చాయి. ఎండ మండిపోతోంది. బోర్లు, చెరువు తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నాడా అని అడిగితే ఊరంతా ఒక్క నోటితో మొగులయ్యను చూపించింది. అతని చేతికి మూడు సీసాలు ఇచ్చారు. ఒకటి బడి బోరింగుకు, ఒకటి రాధమ్మ బోరుకు, ఒకటి చెరువుకు. రవళి ఎప్పట్లాగే వెంటపడింది.

"నువ్వు ఇంటికి వో బిడ్డా. ఎండ ఉన్నది" అన్నాడు మామ. అంతకుముందు ఎప్పుడూ ఆమెను వెనక్కి పంపలేదు.

వెళ్లినట్టే వెళ్లి, తంగేడు చెట్ల చాటున నక్కి చూసింది. మామ రాధమ్మ బోరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బోరు పోస్తూనే ఉంది, సీసా చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం ముందుకు పోలేదు. తర్వాత వెనక్కి తిరిగి, ఫ్యాక్టరీలకు ఎగువన ఉన్న గుట్ట వైపు నడిచాడు. గుట్టకింది బాయి మెట్లు దిగాడు. సీసాలను రెండేసిసార్లు కడిగి, మూడింటినీ అక్కడే నింపాడు. మెట్లెక్కి వస్తుంటే ఎదురుగా రవళి కనిపించింది. కోప్పడలేదు.

"చూసినవా?"

"చూసిన."

"ఎవ్వరికన్న చెప్తవా?"

"చెప్ప."

ఆ రోజు మామ ఆమెను భుజాలకెత్తుకోలేదు. ముందు నడుచుకుంటూ పోయాడు, ఆమె వెనకాల పోయింది.

నెలలోపే కాగితం వచ్చింది. మూడు చోట్లా నీళ్లు మంచివే. రావలసిన ట్యాంకర్లు వేరే ఊళ్లకు పోయాయి; ఊరికి మంచినీళ్లు రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. రెండు నెలలు తిరగకుండా మొగులయ్య ఖాకీ బట్టలు తొడుక్కుని, కాజీపల్లిలో ఓ మందుల కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాడు. అతను కంపెనీకి అమ్ముడుపోయాడనడానికి ఊరికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? నమస్తే అంటే బదులు చెప్పేవాళ్లు లేకుండా పోయారు. పండుగలకు అతని ఇంటి గడప తొక్కినవాళ్లు లేరు. మొగులయ్య ఎవరితోనూ వాదించలేదు. పద్దెనిమిదేళ్లు సైకిల్ మీద ఆ గేటుకు పోయొచ్చాడు.

రవళి ఎవరికీ చెప్పలేదు. ఆ వెంటనే తల్లితో కలిసి ఇస్నాపూర్‌కు తిరిగి వెళ్లిపోయింది. మామ వీలున్నప్పుడల్లా సైకిల్‌కు సీతాఫలాల సంచి తగిలించుకుని వచ్చేవాడు. ఆమె పళ్లు తినేది, తింటూనే మామ ముఖంలోకి అనుమానంగా చూసేది. ప్రేమ పోలేదు, అనుమానమూ పోలేదు. ఒకే పొయ్యి మీద వండుకునే తోటికోడళ్లలా రెండూ ఆమెలో సర్దుకుపోయాయి. ఇన్నాళ్లూ సర్దుకున్నాయి సరే, ఇప్పుడు పిల్లను ఆ ఒళ్లో పెట్టాలి.

తండ్రి సంగయ్య పోయాక ముత్యమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. ఆ సాయంత్రం ఆమె మనవరాలికి నూనె రాస్తుంటే రవళి పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, మామకు గేటు నౌకరి ఎట్లొచ్చింది?"

ముత్యమ్మ చెయ్యి ఆగింది. "మీ నాయన వెట్టించిండు. గదే కంపెనీల స్టోరు చూస్తుండె గద."

"నాయన అడిగిండా, కంపెనోళ్లే పిలిచిచ్చిండ్రా?"

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"రాధమ్మవ్వ వచ్చింది."

ముత్యమ్మ నూనె సగం రాసిన పిల్లను తువ్వాలలో చుట్టి లోపలికి ఎత్తుకుపోయింది. రాత్రి తనకు ఆకలి లేదంది. తప్పు లేని మనిషి ముఖం చాటేస్తుందా? రవళి బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. కంపెనీ స్టోరులో నాన్న, కంపెనీ గేటులో మామ, ఏమీ ఎరగనట్టు అమ్మ. ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఊరి నోట్లో మట్టి కొట్టారా? ఆ కంపెనీ నీడలోనే తను చదువుకుందా? బాలరాజ్ "పాత ముచ్చట్లు దవ్వకు, ఇందులో నువ్వు పరేషాన్ అయ్యేది ఏమున్నది?" అన్నాడు. అతను ఆ తంగేడు చెట్ల చాటున నిలబడలేదు కదా.

బుధవారం సెలవు పెట్టి రవళి బొమ్మనకుంటకు బయల్దేరింది. మొగులయ్య ఇంటి ముందు మంచానికి నులక బిగిస్తున్నాడు. కూతురు వచ్చినంత సంబరపడ్డాడు. "వచ్చినవా బిడ్డా? పొల్లను దేలేదా?" అని ఆమె వెనకాల చూశాడు. ఆదివారం కోసం కొన్న కొత్త ధోవతి తెచ్చి చూపమని బీరమ్మను కేకేశాడు. ఇంకాస్త ఆగితే అడగలేనని తెలిసి రవళి వెంటనే అడిగేసింది.

"మామా, నేను చూసిన. యాదికున్నదా?"

ధోవతి తెస్తున్న బీరమ్మ గడపలోనే నిలబడిపోయింది. మొగులయ్య నులక వదల్లేదు.

"ఉన్నది."

"గుట్టకింది బాయి నీళ్లు ఎందుకు నింపినవ్?"

"నింపిన. తప్పే జేసిన బిడ్డా."

"తప్పని నాకు తెల్సు. ఎందుకని అడుగుతున్న. కంపెనోళ్లు చెప్పిండ్రా? నౌకరి ఇస్తమన్నరా?"

"నువ్వేదనుకుంటే గదే."

ఆ మాటకు రవళికి ఒళ్లు మండింది. "నేననుకునుడు కాదు, నువ్వు చెప్పాలె. దినాం సీసాలు దెచ్చేటోళ్లను అడుగుత నేను. సక్కగ చెప్పకుంటే ఆ నీళ్లు తీసుకోను."

"గట్లయితే తీసుకోకు" అన్నాడు మొగులయ్య. "పొల్లను నా ఒళ్లె కూసోబెట్టకు. నేనేమనుకోను."

నులక అతని చేతిలోంచి జారి, బిగించిన వరసలన్నీ వదులైపోయాయి. రవళి చెప్పులేసుకుని బయటికి నడిచింది. కోపమో ఏడుపో తనకే తెలియలేదు. రోడ్డు దాకా వచ్చాక వెనక నుంచి బీరమ్మ ఆయాసపడుతూ అందుకుంది.

"ఆయన సెప్పడు బిడ్డా, సంపినా సెప్పడు. ఒట్టు వెట్టుకున్నడు. మీ అమ్మనడుగు" అని, ఇంకో మాట నోట రాకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి రవళి అడగలేదు. తల్లి నోరు ఎలా తెరిపించాలో ఆమెకు తెలుసు. చెప్పులు విడుస్తూనే, "నేను ఆలోచన చేసిన. ఆదివారం మామ వద్దు. వరుసకు తమ్ముడైతడు, చిన్నాను కూసోబెడ్దాం" అంది.

ముత్యమ్మ పిల్లను బాలరాజ్‌కు అందించి, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసి, రవళిని పిలిచింది. చీరల అడుగు నుంచి మడతలు పడ్డ ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది.

"సదువు."

అదే కాగితం. బొమ్మనకుంట, మూడు చోట్ల నీళ్లు, మూడు వరుసలు. చెరువు నీళ్లు, బడి బోరింగు, రాధమ్మ బోరు అన్నీ ఇంచుమించు ఒకటే అంకెలు. మూడు చోట్ల నీళ్లు అంత ఒకటిగా ఎక్కడా ఉండవు. ఇది తన బల్ల మీదికి వస్తే మొదటి నిమిషంలోనే పక్కన పడేసేది. అప్పట్లో సంతకం పెట్టిన మనిషికి అంత తీరిక లేదు కాబోలు.

"నువ్వు వుట్టినంక మూడు కడుపులు నిలువలే నాకు" అంది ముత్యమ్మ. మంచం అంచున కూర్చుని, కాగితాన్నే చూస్తూ చెప్పింది. "మూడోది పోయినంక మీ బాపమ్మ నన్ను తల్లిగారింటికి తోలింది. గా ఊరి నీళ్లల్ల వెరిగిన పిల్ల, దీని కడుపు పండది, నా కొడుక్కు ఇంకో పిల్లను చేస్తనని పెద్దమనుషులను కూసోబెట్టింది. మీ నాయన తల వంచుకుని కూసున్నడు. ఏడాది సంది కూసున్నడు అట్లనే."

అప్పట్లో అమ్మకు ఒంట్లో బాగా లేదని రవళికి చెప్పింది దీన్నే.

"అన్న లేచి నిలవడ్డడు. మా ఊరి నీళ్లు మంచియి, సర్కారోళ్లు పరీక్ష జేస్తున్రు, కాయితం తెస్త, అది చూసి మాట్లాడుండ్రి అన్నడు. కాయితంల ఏమొస్తదో ఆయనకంటె ఎక్వ ఎవరికి తెల్సు? అయినా అన్నడు. అన్నంక నింపిండు."

"గీ కాయితం చూసి బాపమ్మ ఒప్పుకున్నదా?"

"సర్కారు ముద్ర గద. మీ నాయన అందరి ముంగట సదివిండు. ముసల్ది నోరెత్తలే. ఇగ మీ నాయనకు సంబురం, బావమరిదికి ఏదన్న చెయ్యాలెనని గేటు నౌకరి వెట్టించిండు. అన్నకు ఇష్టం లేకుండె. వద్దంటే ఎందుకొద్దంటున్నడని మీ నాయన ఆరా దీస్తడని పోయిండు."

రవళి కాగితం మడిచి అడిగింది. "అవి వేరే నీళ్లని నీకు తెల్సా?"

"వుట్టినప్పటి సంది తాగిన నీళ్లు. కాయితం సదివిన్నాడే తెల్సింది." ముత్యమ్మ ఇప్పుడు తలెత్తింది. "నోరు మూసుకున్న. నోరు దెరిస్తే నువ్వు ఆడ్నే ఉందువు, గా బోరింగు నీళ్లే తాగుకుంట. ఎవ్వరికి చెప్పొద్దని అన్నతోని ఒట్టు నేనే వెట్టించిన. నీకైతే అస్సలు చెప్పొద్దన్న."

తన ఇస్నాపూర్ బడి, సంగారెడ్డి కాలేజీ, మెడలో వేలాడే ల్యాబు కార్డు అన్నీ ఆ మూడు సీసాల్లోంచే వచ్చాయని రవళికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు మామను అనుమానించింది. అతను నింపిన నీళ్లు మాత్రం తనే తాగుతూ వచ్చింది. సిగ్గేసింది. తల్లి మీద జాలేసింది, కోపమూ వచ్చింది. మామ మీద ప్రేమ ఎంత పొంగిందంటే అప్పటికప్పుడు పరుగెత్తుకుపోయి అతని కాళ్ల దగ్గర కూర్చోవాలనిపించింది. కానీ రాధమ్మ ముఖం అడ్డొచ్చింది. మామ చేసింది ఎందుకో తెలిసింది గానీ, చేసింది చెయ్యనిది కాలేదు కదా. ఆ ఆరేళ్లు ఆ ఊరు తాగింది తాగిందే. రాధమ్మకు చెప్పకుండా పిల్లను మామ ఒళ్లో పెడితే అది మళ్లీ ఒక దొంగ సీసానే.

"రాధమ్మవ్వకు చెప్త" అంది. ముత్యమ్మ వద్దనలేదు. కళ్లు మాత్రం మూసుకుంది.

శనివారం రిపోర్టు తీసుకుని రవళి రాధమ్మ ఇంటికి వెళ్లింది. రాధమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నీళ్లు ఇప్పటికీ తాగడానికి పనికిరావని చెప్పి రవళి కాగితం ఇచ్చింది. తర్వాత, కూర్చోమనకుండానే పక్కన కూర్చుని, మొత్తం చెప్పేసింది. బాపమ్మ అన్న మాట, పెద్దమనుషుల ముందు మామ అన్న మాట, అమ్మ పెట్టించిన ఒట్టు. ఏదీ దాచలేదు. తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చింది.

రాధమ్మ చేతులు ఆగలేదు. ఒక్కొక్క గింజా తీసి పక్కన వేస్తూనే ఉంది.

"కంపెనీ కోసం కాదన్నట్టు" అంది చివరికి.

"కాదు అవ్వా. మా కోసమే."

"గా కాయితం వచ్చిన దినం పంచాయతి ఆఫీసు ముంగట మస్తు మంది జమైనం బిడ్డా. జిరాక్సు గావాలని. నేను అందరికంటె ముందటున్న."

రవళికి అర్థం కాలేదు. "జిరాక్సు నీకెందుకు?"

"నా పెద్దబిడ్డకు రెండు సంబంధాలు తప్పినయ్. గా ఊరి పిల్ల మాకొద్దన్నరు. మీ బాపమ్మ ఒక్కతేనా గట్లన్నది? అందరన్నరు. గా కాయితం పట్టుకపోయి నర్సాపూర్ల చూపెట్టి లగ్గం జేసిన. ఇప్పుడు దానికి ముగ్గురు పిల్లలు."

"మరి నీ బోరు..."

"నురుగు కక్కే బోరు నాది. మంచి నీళ్లని రాసుంటే నాకు అనుమానం రాలేదా? వచ్చింది. అడుగలే. ఎవ్వరడుగలే. ఎవని అవుసరం వానికున్నది." రాధమ్మ చేతులు అప్పుడు ఆగాయి. చింతపండు అంటిన వేళ్లను చూసుకుంటూ ఉండిపోయింది. "తర్వాత మా ఆయన మంచాన వడ్డడు. మొగులయ్యను తిట్టుడు ఆపితే ఇగ నన్ను నేనే తిట్టుకోవాలె. అందుకే ఆపలే."

రవళి ఆమె చెయ్యి పట్టుకుంది. లేచి వచ్చేటప్పుడు రవళి, "రేపు ఝరాసంగం రా అవ్వా" అంది. రాధమ్మ వస్తాననలేదు, రాననలేదు.

దారిలోనే రవళి మామకు ఫోన్ చేసింది. మాట్లాడాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే. "రేపు జల్ది రా మామా. నువ్వు రాకుంటే పొల్లకు వెంట్రుకలు తీపియ్య."

ఆదివారం మొగులయ్య వచ్చాడు. కొత్త ధోవతి కట్టుకున్నాడు గానీ చుట్టాల గుంపుకు ఎడంగా నిలబడ్డాడు. బీరమ్మ ఎంత గుంజినా ముందుకు కదల్లేదు. చాప పరిచారు. మంగలాయన గిన్నెలో నీళ్లు పెట్టుకుని, ఎండెక్కుతోంది కానివ్వండని తొందరపెడుతున్నాడు. రవళి పిల్లను ఎత్తుకుని మామ దగ్గరికి వెళ్లింది. అతను చేతులు చాచబోతూ, ఆమె భుజం మీదుగా చూసి ఆగిపోయాడు. జహీరాబాద్ బస్సు దిగి రాధమ్మ నెమ్మదిగా నడిచి వస్తోంది.

"నేను కూసోను బిడ్డా" అన్నాడు, చేతులు వెనక్కి తీసుకుంటూ. "చిన్నాను పిలువు."

రాధమ్మ చాప దగ్గరికి వచ్చి నిలబడింది. ఇరవై నాలుగేళ్లలో ఆమె అతనితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"నేను మర్వలేదు మొగులయ్యా" అంది. "నీది మర్వలే, నాది మర్వలే. కూసో, పొల్లకు ఎండ తాకుతున్నది."

మొగులయ్య చాప మీద కూర్చున్నాడు. రవళి కూతుర్ని అతని ఒళ్లో పెట్టింది.